తమంతట తామే లేచేవి

ఏవండీ,

మీకు నమస్కారం. ఇక్కడ నేను, మీ చెల్లెలు, షాపులో మిషన్లు మూడూ క్షేమం. రేవులో ఓడల మీద కప్పే టార్పాలిన్లు కుట్టీ కుట్టీ మీ వేళ్లు కాయలు కాసి ఉంటాయిగానీ, తక్కిన మనిషి కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేయలేదని కోపం తెచ్చుకోకండి. ఫోన్లో మనిద్దరికీ మాటలు రెండు నిమిషాలు, ముక్కు చీదుకోవడం పది నిమిషాలు. కాగితం మీదైతే నేను ఏడ్చినా మీకు వినబడదు, చెప్పాల్సింది చెప్పకుండా మిగిలిపోదు. అయినా ఇది ఏడుపు ఉత్తరం కాదు. మీ ఆవిడ ఒక ఘనకార్యం చేసింది. అది చెప్పడానికే కూర్చున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు బాగానే ఉంది, మెట్లెక్కేటప్పుడు మాత్రం ఎవరో తలుపు తట్టినట్టు టక్కుమంటుంది. వెనక కిటికీ కారడం లేదు, మీ చెల్లెలు పాత రెయిన్‌కోటు కత్తిరించి మేకులు కొట్టింది. ఇస్త్రీ పని తనే చూస్తోంది. మీలాగే చేస్తున్నానంటుంది, మీలాగే కాలర్ దగ్గర మడత వదిలేస్తుంది. ఇక మీ ఉత్తరం అడుగున, అంచులో, చీమల్లాంటి అక్షరాలతో అడిగారు చూడండి, "పొద్దున్నే అది ఇంకా మాట్లాడుతోందా?" అని. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందే ఆ కాగితం తిప్పకండి.

మీరు వెళ్లిన నెలకి ఆసుపత్రి వాళ్లు నూటఎనభై తెల్లకోట్లు ఇచ్చారు. ఒక్కొక్కదాని జేబు మీద ఒక్కొక్కరి పేరు కుట్టాలి. కొత్త వార్డు తెరిచే రోజుకి అందరూ ఆ కోట్లతోనే నిలబడాలట. అన్నీ కుట్టు కంప్యూటర్ మీద చేయాల్సినవే. ఆ కంప్యూటరేమో మంకుపట్టు పట్టింది. పొద్దున మీట నొక్కితే అది పూర్తిగా తెరుచుకునేసరికి నేను గిన్నెలు తోముకుని, నీళ్లు పట్టుకుని వచ్చేదాన్ని. తెరుచుకున్నాకైనా బుద్ధిగా ఉందా, లేదు. పేరు సగం కుట్టి బిగుసుకుపోయేది. ఒక పెద్ద డాక్టరుగారి పేరులో చివరి మూడక్షరాలు ఎగిరిపోయాయి. ఆసుపత్రి స్టోర్‌లో ఉండే ఆయన ఆ కోటు పట్టుకుని, "ఏమ్మా, జీతం కూడా ఇంతే కోసి ఇవ్వమంటావా ఈయనకి?" అని నవ్వాడు. నవ్వుతూనే, వచ్చే శుక్రవారానికి అందకపోతే వేరే షాపుకి ఇస్తామని కూడా చెప్పాడు.

రిపేరు అతన్ని పిలిచాను. అదే, జేబు నిండా స్క్రూడ్రైవర్లు పెట్టుకుని తిరుగుతాడే, ఆయనే. కాసేపు అటూ ఇటూ నొక్కి చూసి, దీనికి ఒకటే మందు, మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించాలి అన్నాడు. తుడిచేస్తే లోపల మా అబ్బాయి గీసిన అక్షరాలో అని అడిగాను. పోతాయన్నాడు. వాడు ఎక్కించిన పాత కుట్టు ప్రోగ్రాం ఇప్పుడెక్కడా దొరకదు, కొత్తదానికి ఆ అక్షరాలు పలకవు అన్నాడు. ఆదివారం పొద్దున వచ్చి పట్టుకెళతానన్నాడు. మీ చెల్లెలు కూడా, "ఇచ్చెయ్ వదినా, ఆ పెట్టెని చూస్తూ నువ్వు చిక్కిపోతున్నావు" అంది.

మీకు తెలుసుగా, మన చిన్నోడు ఆ అక్షరాల కోసం ఎంత తంటాలు పడ్డాడో. ఎస్ అక్షరం మెలిక దగ్గర దారం పొంగకుండా ఉండాలని పదకొండుసార్లు గీశాడు. ఆ పదకొండు గుడ్డముక్కలూ నా దగ్గరున్నాయి. జ్వరం మూడు రోజుల్లో వాణ్ని తీసుకుపోయింది, అక్షరాలు మాత్రం నేను కుట్టే ప్రతి జేబు మీదా ఉన్నాయి. వాటినీ తుడిచెయ్యమంటే ఎలాగండీ?

శనివారం మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరగా వేసి నా కొలతల పుస్తకం తీశాను. అందులో ఒక పేజీ ఉంది. ఒకనాడు చిన్నోడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రాయించిన పేజీ. అప్పుడు వాడు చెప్పింది ఇప్పటికీ చెవిలో ఉంది. "అమ్మా, కంప్యూటర్ తెరవగానే కొన్ని ప్రోగ్రాములు ఎవరూ పిలవకుండానే లేచి కూర్చుంటాయి. పని చేసేవి తక్కువ, చోటు ఆక్రమించేవి ఎక్కువ. ఎవరు లేవాలో, ఎవరు పడుకోవాలో నువ్వు చెప్పాలి." ఎడమ పక్కన మూడు మీటలు కలిపి నొక్కాలి. టాస్క్ మేనేజర్ అని ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో స్టార్టప్ అన్నది నొక్కితే అన్నీ వరసగా నిలబడతాయి. డాలు బొమ్మ ఉన్నది కాపలా, దాన్ని ముట్టుకోకు అని కింద గీత గీసి మరీ రాయించాడు.

ఇంగ్లీషు చదవడం నాకు రాదుగానీ, ఎన్ని వందల పేర్లు కుట్టానో లెక్కలేదు, అక్షరాలన్నీ సూదిమొనకి తెలుసు. నిలబడినవి పందొమ్మిది. ఒక్కొక్కదాని పేరూ ఉన్నదున్నట్టు పుస్తకంలోకి దించుకున్నాను, పక్కనే బొమ్మ కూడా వేశాను. కొన్నింటిని చూడగానే పోల్చుకున్నాను. ఒకటి పాటలది. ఒకటి వాడు ఆడే కార్ల ఆట. ఇంకోటి మనం ఎప్పుడో అమ్మేసిన ప్రింటరుది. రోజూ దాని మీద దుమ్ము తుడిచినదాన్ని, దాని మీది పేరు మరిచిపోతానా. ఆ ప్రింటరు ఇంట్లోంచి వెళ్లిపోయి రెండేళ్లైనా, దాని మనిషి మాత్రం రోజూ పొద్దున్నే లేచి కూర్చుని దాని కోసం చూస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

మౌసు, అదే ఎలక, దాని కుడి చెవి నొక్కి, డి అక్షరంతో మొదలయ్యేది నొక్కి, ఒక్కొక్కదాన్నే పడుకోబెట్టాను. వరసలో పడి, చేతి అలవాటుగా, ఒకటి అనవసరంగా పడుకోబెట్టాను. ఆపేసి మళ్లీ తెరిచి చూద్దును కదా, కుట్టుమిషన్ కంప్యూటర్ ముఖం చూడనంటోంది. పేరు పంపితే సూది కదలదు. తుడిచేస్తారని భయపడి నేనే చంపేశాననుకున్నాను. కాసేపటికి మనసు కూడదీసుకుని పుస్తకం వేలుపెట్టి చదివాను. పద్నాలుగో పేరులో ఉన్న నాలుగక్షరాలు మిషన్ మెడ మీదా ఉన్నాయి. మళ్లీ ఆ పెట్టె తెరిచి చూస్తే అది అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు, ఊరికే పడుకుని ఉంది. ఈసారి ఇ అక్షరంతో మొదలయ్యేది నొక్కాను. లేచింది. సూది టకటకమని మొదలుపెట్టింది. అప్పుడు తెలిసిందండీ నాకు, ఇక్కడ ఆపడమంటే తీసిపారేయడం కాదని.

అక్కడిదాకా వచ్చాక జాబితాలో అన్నిటికంటే కింద ఉన్నదాన్ని ఇక తప్పించుకోలేకపోయాను. దాని పేరు అమ్మ నాన్న. ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంది, అయినా చదవడానికి సూది అక్కర్లేకపోయింది.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. కోప్పడితే ఎదురుగా వచ్చి కోప్పడండి. రోజూ పొద్దున కంప్యూటర్ తెరవగానే, వాడు ఎప్పుడో రికార్డు చేసిపెట్టిన వాడి గొంతు, "అమ్మా, నాన్నా, పొద్దయింది, సూదికి దారం ఎక్కించండి, నేను వచ్చేస్తున్నా" అంటుంటే మీరు కత్తెర బల్ల మీద పడేసి వీధిలోకి వెళ్లిపోయేవారు. దాన్ని ఆపలేమా అని ఒకనాడు నన్ను అడిగారు. స్పీకరు తీగ పీకేద్దామంటే, దారం తెగితే మోగే గంట కూడా అందులోంచే వస్తుంది, పీకడానికి లేదు అన్నాను. అది నిజమే. ఆ గొంతొక్కటీ ఆపే దారి లేదు, కంప్యూటరే అలా చేస్తుంది, మన చేతుల్లో లేదు అని కూడా అన్నాను. అది అబద్ధం. అప్పటికే ఆ పేజీ నా పుస్తకంలో ఉంది. వాడు వచ్చేస్తున్నానంటుంటే వద్దని నా చేత్తో ఎలా నొక్కను? మీరు పెట్టె సర్దుకుని రేవుకి వెళుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను, అప్పుడూ నోరు విప్పలేదు. ఆ గొంతుని ఉంచుకుని మిమ్మల్ని పంపించాను. వాడు పోయిన ఈ పద్నాలుగు నెలల్లో నేను చేసిన తప్పు ఇదొక్కటే, ఇదే చాలా పెద్దది.

శనివారం సాయంత్రం దాన్నీ పడుకోబెట్టాను.

ఆదివారం పొద్దున రిపేరు అతను సంచీ తెచ్చుకుని వచ్చాడు. మీట నొక్కి చూడమన్నాను. అతను కుర్చీ లాక్కుని కూర్చునేలోపు తెరుచుకుంది. షాపులో చప్పుడు లేదు. అతను తెర వంకా, నా వంకా చూసి, ఎవరినమ్మా పిలిచావు అన్నాడు. ఎవర్నీ పిలవలేదు, నేనే చేశానన్నాను. నమ్మక పుస్తకం అడిగాడు. పేజీ అంతా చదివి, ఇది రాసుకోవచ్చా అని తన జేబులోంచి కాగితం తీశాడు. మీ చెల్లెలు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "రాసుకో నాయనా, ఫీజు మా వదినకి కట్టు" అంది. ఖాళీ సంచీతోనే వెళ్లాడు.

బుధవారానికల్లా నూటఎనభై కోట్లూ అయిపోయాయి, రెండు రోజుల ముందే. ఒక్క పేరూ తెగలేదు. స్టోరాయన ఎస్ ఉన్న పేర్లన్నీ వేలితో తడిమి చూసి, ఈ అక్షరాలు ఎవరివమ్మా అని అడిగాడు. మా అబ్బాయివి అన్నాను. ఇంకో మూడు వార్డుల కోట్లు కూడా మనకే ఇచ్చారు. కత్తిరించడానికి నాకు చేతులు చాలవు, మీ కత్తెర మీ చెల్లెలికి లొంగడం లేదు.

ఇక మీరు అంచులో అడిగిన దానికి జవాబు. లేదు, పొద్దున్నే అది మాట్లాడటం లేదు. పోలేదు, ఉంది. తెర మీద ఒక మూల చిన్న బొమ్మగా పెట్టుకున్నాను, నొక్కితేనే పలుకుతుంది. అయిదు రోజులైంది, నేనూ నొక్కలేదు. సూదికి దారం మాత్రం పొద్దయ్యేసరికి ఎక్కిస్తున్నాను, ఎవరూ చెప్పకుండానే. మీరు వచ్చాక, వినగలిగిన రోజున, మీరే నొక్కండి. నేను పక్కన కూర్చుంటాను.

బండి దిగి ఇంటికి కాదు, తిన్నగా షాపుకి రండి. మీ కత్తెరకి సాన పట్టించి ఉంచాను.

ఇట్లు,
మన చిన్నోడి అమ్మ