టార్నీట్ వదిలి మళ్ళీ కానింగ్ వేల్‌కి

కానింగ్ వేల్, పెర్త్
ఆదివారం

అన్నయ్యకి,

వాసంతి నమస్కారాలు. అమ్మ మోకాలు ఇప్పుడెలా ఉంది? మేడ మెట్లు ఎక్కనివ్వకు. ఎక్కుతానంటే కోప్పడు, నీ మాటయితే వింటుంది. వదిన మాత్రలు వేళకు వేసుకుంటోందా? మన కొట్టు ముందు తవ్విన కాలువ పూడ్చారా లేక ఇంకా బల్ల వేసుకునే దాటుతున్నారా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అభి కూడా బాగానే ఉన్నాడు. మా గురించి బెంగ పెట్టుకోవద్దు.

పైన అడ్రసు చూశావుగా. మేం మళ్ళీ పెర్త్ వచ్చేశాం. మేం అంటే నేనూ అభీ. మీ బావగారు మెల్‌బోర్న్‌లో, టార్నీట్ ఇంట్లోనే ఉన్నారు. నేను మొండిపట్టు పట్టి పిల్లాణ్ణి తీసుకుని వచ్చేశానని ఆయన నీకు ఫోన్ చేసి చెప్పారట. మొన్న నువ్వు నన్నడిగావు, అక్కడ మనవాళ్ళున్నారు, అన్నీ దొరుకుతాయి, గుడి ఉంది, ఆ ఎడారిలాంటి ఊళ్ళో ఏముందని మళ్ళీ పోయావని. తర్వాత చెబుతానని పెట్టేశాను. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది అన్నయ్యా. నేను చెప్పేది నువ్వు వినేలోపు గుమాస్తా వింటాడు, చీరలు చూడ్డానికొచ్చిన వాళ్ళు వింటారు, సాయంత్రానికి బాపట్లంతా వింటుంది. అందుకే రాస్తున్నాను. ఇది నువ్వొక్కడివే చదువు. తర్వాత వదినకి చెప్పు. అమ్మకి మాత్రం చెప్పకు.

సామాన్ల సంగతి నువ్వన్నదే నిజం. ఆ విషయంలో పెర్త్ టార్నీట్ కాలిగోటికి సరిపోదు. ఇక్కడ గోంగూర అంటే సీసాలో పచ్చడే. కరివేపాకు ఫ్రిజ్‌లో నల్లబడ్డాక అమ్ముతారు. పొద్దుగూకేసరికి కొట్లన్నీ మూసేస్తారు, ఆదివారం ఎండెక్కితే గానీ తెరవరు. టార్నీట్‌లో లేత బెండకాయలు, మునక్కాడలు, దొండకాయలు, పచ్చి చింతకాయలు కూడా చూశాను. వంట చేయబుద్ధి కాకపోతే కర్రీ పాయింట్ ఉంది. ఆదివారం పొద్దున్న పెసరట్టు ఉప్మా కోసం మన చీరాల స్టేషన్ ముందులాగా నిలబడతారు. కొట్టువాడితో తెలుగులో మాట్లాడి, పుచ్చొంకాయలు ఎందుకేశావని తెలుగులోనే పోట్లాడొచ్చు. కొత్తలో నేను ఏమీ కొనకపోయినా వెళ్ళి తిరిగి వచ్చేదాన్ని.

వాతావరణానికొస్తే పెర్త్ నయం. ఎండ మండిపోతుంది, కానీ మధ్యాహ్నం దాటాక సముద్రం మీదినుంచి గాలి వస్తుంది, మన సూర్యలంక గాలిలాగే. టార్నీట్‌లో పొద్దున స్వెట్టరు, మధ్యాహ్నం చెమట, సాయంత్రం మళ్ళీ వాన. ఆ చదును నేల మీద గాలి వీస్తే తలుపులు కొట్టుకుంటూనే ఉంటాయి. ఇళ్ళు ఎంత దగ్గరంటే పక్కింటివాళ్ళు ఏ పోపు వేశారో చెప్పొచ్చు. స్టేషన్ దగ్గర కారు పెట్టుకోవాలంటే తెల్లారకముందే పోవాలి. ఆయన రోజూ దానికే విసుక్కునేవారు.

ఇక మనుషులు. పెర్త్‌లో మా పక్కింటి తెల్లావిడ, అభి అరుపులు భరించలేక మా కంచె మీద ఇంకో కంచె కట్టించింది. కట్టిస్తూ, "నథింగ్ పర్సనల్, లవ్" అంది, మీ మీద కోపమేం కాదమ్మా అన్నట్టు. అభికి పదేళ్ళు వచ్చినా మాటలు నాలుగైదేనని నీకు తెలుసు. సూపర్ మార్కెట్లో లైట్లు ఎక్కువైతే కింద పడుకుని చెవులు మూసుకుంటాడు. జనం ట్రాలీలు పక్కకు తిప్పుకుని పోయేవారు. ఒక్కళ్ళూ ఆగరు, ఒక్కళ్ళూ అడగరు. బెడ్రూమ్‌లో కూర్చుని ఏడ్చేదాన్ని, మనవాళ్ళయితే ఇలా ఉంటారా అని. టార్నీట్‌కి మారదామని ఆయనంటే నేనే ముందు పెట్టె సర్దాను.

మనవాళ్ళు ఆగారు అన్నయ్యా. ఆగి అన్నీ అడిగారు. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, మీవైపు ఎవరికైనా ఉందా, మేనరికమా, ఇంకొకరిని కనకపోయారా? ఒకావిడ రాహుకేతు పూజ చేయించమంది. ఇంకొకావిడ మా ఇంట్లోనే టీ తాగుతూ, తన కూతుర్ని అభి పక్కనుంచి లేపి తన వెనక కూర్చోబెట్టుకుంది. అందరూ డబ్బాల్లో పులిహోర తెచ్చేవారు. నేనూ డబ్బాలు ఖాళీగా తిరిగి ఇవ్వకుండా అరిసెలో జంతికలో పెట్టి పంపేదాన్ని. ఇవన్నీ నేను పట్టించుకోలేదు. మాట్లాడే మనుషులుంటే చాలనిపించింది.

అక్కడ మనవాళ్ళందరికీ పెద్దదిక్కు శారద ఆంటీ. డాక్టరు. వచ్చి చాలా ఏళ్ళయింది. గుడి పని, పండగ పని అంతా ఆవిడ చేతిమీదే. మీ బావగారికి ఇప్పుడున్న ఉద్యోగం ఆవిడ భర్త చెబితే వచ్చిందే. ఉగాదికి స్కూలు హాల్లో పిల్లలతో కోలాటం వేయిస్తున్నామని, అభిని కూడా తీసుకురమ్మని ఆంటీ తనే ఇంటికొచ్చి చెప్పింది. నేను నమ్మలేకపోయాను. ఆవిడ వెళ్ళాక దేవుడి దగ్గర దీపం పెట్టాను.

అభికి తాళం ఉంది అన్నయ్యా. మాట రాదు కానీ తాళం వచ్చు. వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే దానికి సరిగ్గా వేళ్ళు కొడతాడు. కోలాటం కర్రలు చేతికిస్తే మొదటి రోజు వాసన చూశాడు, రెండో రోజు నేలకేసి కొట్టాడు, ఆ తర్వాత వదల్లేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ప్రాక్టీసుకి తీసుకెళ్ళేదాన్ని. ఇంట్లో నేను ఎదురుగా నిలబడితే నా కర్రకి తన కర్ర తగిలించి, తిరిగి, మళ్ళీ తగిలించేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. నేనే తప్పేదాన్ని. తప్పితే నా చెయ్యి పట్టుకుని సరిచేసేవాడు. పదేళ్ళలో వాడంతట వాడు నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఉగాది రోజు పట్టుపంచె కట్టాను. నువ్వు పంపిన ఆ ఆకుపచ్చ అంచుదే. బట్ట గుచ్చుకుంటుందని గింజుకుంటాడనుకున్నాను, గింజుకోలేదు. స్టేజి వెనక శారద ఆంటీ కూతురు మేఘనకి అప్పగించాను. యూనివర్సిటీలో చదివే పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. నేను ముందు వరసలో కూర్చుని ఫోన్ ఎత్తిపట్టుకున్నాను. ఆయన వెనకెక్కడో మగవాళ్ళతో నిలబడ్డారు.

తెర తీశారు. పాట మొదలైంది. ఒక్కొక్క పిల్లాణ్ణీ చూస్తూ పోయాను. అభి నిలబడాల్సిన చోట ఇంకో పిల్లాడున్నాడు. రెండో చుట్టులో వస్తాడేమో అనుకున్నాను. రెండో చుట్టు అయింది. ఫోన్ దించలేదు, చివరిదాకా తీస్తూనే ఉన్నాను. చప్పట్లు మొదలయ్యాక లేచి వెనక్కి పరుగెత్తాను.

స్టేజి వెనక కుర్చీలు పేర్చే గది ఒకటి ఉంది. అభి అందులో ఉన్నాడు. నేను వెళ్ళేసరికి అందరికోసం పాట మళ్ళీ ఒకసారి వేశారు. వాడు ఆ పాట వింటూ ఒంటరిగా కోలాటం వేస్తున్నాడు. తన కర్రలు తను కొట్టుకునే చోట కొట్టుకుంటున్నాడు. ఎదుటివాళ్ళ కర్రకి తగలాల్సిన చోట కర్ర గాల్లోకి చాచి, అంతసేపూ ఆగి, తిరుగుతున్నాడు. మళ్ళీ చాచి ఆగుతున్నాడు. మేఘన ఒక మూల ఫోన్ చూసుకుంటోంది. నన్ను చూసి లేచి, "సారీ ఆంటీ, మమ్ సెడ్ జస్ట్ కీప్ హిమ్ హ్యాపీ టిల్ ఇట్స్ ఓవర్. ఐ టోల్డ్ హిమ్ హీ ఈజ్ నెక్స్ట్" అంది. అంతా అయ్యేదాకా వాణ్ణి సంతోషంగా ఉంచమందట వాళ్ళమ్మ, తర్వాత వంతు నీదేనని ఈ పిల్ల వాడికి చెప్పిందట.

శారద ఆంటీ అక్కడికే వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"ఫీలవకు వాసంతీ. వాడి పక్కన వేసే పిల్లాడి మదర్ ఒప్పుకోలేదు, కర్ర కంట్లో తగిలితే అని. స్టేజి మీద ఏదైనా అయితే బాధ నీకే కదమ్మా. మీవారితో ముందే మాట్లాడాను. ఆయనే అన్నారు, వాసంతికి చెప్పకండి ఆంటీ, ప్రాక్టీసుకి వస్తూ ఉండనివ్వండి, ఆ కాసేపు సంతోషంగా ఉంటోంది కదా అని."

అభిని తీసుకుని హాల్లోకి నడిచాను. హాల్లో విస్తళ్ళు వేస్తున్నారు. ఆయన మా కోసం కుర్చీలు పట్టుకుని కూర్చున్నారు. ఆ పూట అందరితో కలిసి భోజనం చేశాను. ఉగాది పచ్చడి బాగుందని ఎవరో అంటే నేనూ తలూపాను.

ఇంటికెళ్తూ కారులో అడిగాను. ఆయన రోడ్డు చూస్తూనే అన్నారు, "అంతమంది ముందు వాడు కింద పడి అరిస్తే నా తల ఎక్కడ పెట్టుకోవాలి? పొద్దున లేస్తే వాళ్ళ మొహాలే చూడాలి నేను. నీకేం, నువ్వు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు." వెనక సీట్లో అభి కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాడికి ఎంత అర్థమవుతుందో మాకు ఎప్పటికీ తెలీదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

అంతటితో అయిపోయుంటే నేనూ సర్దుకుపోయేదాన్నేమో. కానీ ఆ పిల్ల "నెక్స్ట్" అంది కదా. అభికి ఎవరైనా ఒక మాట చెబితే అది జరిగేదాకా వదలడు. తర్వాత ఆదివారం మధ్యాహ్నం పట్టుపంచె తనే తెచ్చుకుని నా ముందు నిలబడ్డాడు. కట్టాను. కర్రలు పట్టుకుని వీధి తలుపు దగ్గర చీకటి పడేదాకా నిలబడ్డాడు. "నెక్స్ట్" అన్నాడు. ఆ తర్వాత ఆదివారం కూడా అంతే. అయిపోయింది నాన్నా అంటే కర్రలు నా చేతికి తగిలించి "నెక్స్ట్" అంటాడు. మూడో ఆదివారం మా ఎదురింటివాళ్ళు తలుపు దగ్గర వాణ్ణి చూసి నవ్వుకుంటూ కారెక్కారు. వాళ్ళూ మనవాళ్ళే. ఆయన అది చూశారు.

చెత్తబండి వచ్చే రోజు పొద్దున్నే ఆయన ఆ కర్రలు తీసుకెళ్ళి బిన్‌లో వేశారు. నేను అక్కడ పనిచేసే వృద్ధాశ్రమంలో డ్యూటీలో ఉన్నాను, ఒక ముసలాయనకి గంజి తాగిస్తున్నాను. ఇంటికొచ్చేసరికి అభి ప్రతి అలమారా తెరిచి బట్టలన్నీ నేల మీద పోశాడు. వెతుకుతూనే ఉన్నాడు. ఆయన సోఫాలో కూర్చుని, పారేశాను, మర్చిపోతాడులే అన్నారు. వాడు ఆ రోజు అన్నం ముట్టలేదు, మర్నాడూ ముట్టలేదు.

పెర్త్‌లో నేను పనిచేసిన బేకరీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. రొట్టెలు ప్యాక్ చేసే పని ఖాళీగా ఉంది, వచ్చేయమంది. ఎందుకొస్తున్నావని అడగలేదు. ఒకప్పుడు అలా అడగకపోవడమే నాకు బాధగా ఉండేది.

ఆయనతో చెప్పేముందు చాలా మాటలు కూడబెట్టుకున్నాను. పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. ఆయన టీవీలో మ్యాచ్ చూస్తున్నారు. సౌండ్ తగ్గించి, ఎప్పుడు అని మాత్రం అడిగారు. చెప్పాను. "సరే. మంచి స్పెషల్ స్కూల్లో సీటొచ్చిందని చెబుదాం అందరికీ" అన్నారు. టికెట్లు ఆయనే బుక్ చేశారు, ఆ సాయంత్రమే. శారద ఆంటీ వాళ్ళు స్వీటు డబ్బా పంపించారు, కంగ్రాట్స్ అని రాసి.

కాబట్టి ఆయన నీకు ఏం చెప్పినా విను, ఎదురు చెప్పకు. పోట్లాడొద్దు. నువ్వు పోట్లాడితే ఆయనకి నామీద కోపం వస్తుంది, ఇప్పుడు అదీ లేదు.

ఎయిర్‌పోర్టు సంగతి ఒక్కటి రాసి ముగిస్తాను. ఆయనే మమ్మల్ని దింపడానికి వచ్చారు. సెక్యూరిటీకి ముందు ఆ లైట్లూ అనౌన్స్‌మెంట్లూ పడక అభి నేల మీద పడుకుని చెవులు మూసుకుని కేకలు పెట్టాడు. జనం పెట్టెలు లాక్కుంటూ పక్కనుంచి పోతున్నారు. మీ బావగారు బ్యాగు పక్కన పడేసి, ఇస్త్రీ ప్యాంటుతోనే వాడి పక్కన నేల మీద కూర్చున్నారు. తన రెండు చేతులూ వాడి చెవుల మీద పెట్టారు. "ఉన్నాలేరా కన్నా, ఉన్నా" అంటున్నారు. పెర్త్‌లో ఉన్నన్నాళ్ళూ ఆయన అలాగే కూర్చునేవారు అన్నయ్యా, ఏ కొట్లో అయినా, ఏ రోడ్డు మీదయినా. నేను మర్చేపోయాను. టికెట్లు చించేసి ఇంటికి పోదామని నోటిదాకా వచ్చింది.

అప్పుడే ఒక కుటుంబం మావైపు వచ్చింది. మాకు తెలిసినవాళ్ళు కాదు. కానీ తెలుగు మాట్లాడుకుంటున్నారు. ఆయన చటుక్కున లేచి, ప్యాంటు దులుపుకుని, కాఫీ కౌంటర్ వైపు నడిచారు. వాళ్ళు దాటిపోయేదాకా ఆ బోర్డు మీద ధరలు చదువుతూ నిలబడ్డారు, మేమెవరో తెలియనట్టు. వాళ్ళలో ఒకావిడ అభిని చూసి నాతో, అయ్యో, ఒక్కదానివే వచ్చావా అమ్మా అంది. అవునండీ అన్నాను.

ఇక ఉంటాను. ఇక్కడ మాకు ఏ లోటూ లేదు, నిజంగానే బాగున్నాం. వీలైతే అభికి మెత్తటి నూలు బనియన్లు, మెడ దగ్గర లేబుల్ లేకుండా కుట్టించి పంపు, లేబుల్ తగిలితే వాడు చించేస్తాడు. అమ్మ అడిగితే పెర్త్ గాలి పిల్లాడికి పడిందని చెప్పు. వదినకీ పెద్దవాళ్ళందరికీ నా నమస్కారాలు చెప్పు. నీ చెయ్యి ఎప్పుడూ మా తలమీద ఉండాలి.

నీ చెల్లెలు
వాసంతి