తల ఎటు ఊపావు?

కామెన్, పొయ్యి మీద చిక్కుడుగింజల పులుసు ఉంది, వేడి చేసుకో. మీ అమ్మ అడిగితే బజారుకెళ్లిందని చెప్పు. నేను ఉమ్మనీటి పరీక్షకు వెళ్తున్నాను.

మొన్న ఆ జర్మనీ డాక్టరు "పరీక్ష చేసేద్దామా?" అంటే నువ్వు మన బల్గేరియా పద్ధతిలో, సరేనంటూ తల అడ్డంగా ఊపావు. ఆయన వద్దన్నావనుకుని నా పేరు కొట్టేశాడు. మళ్లీ తేదీ కోసం కాళ్లావేళ్లా పడింది నేను. అప్పట్నుంచి నువ్వు మన ఊరి బేకరీలో కూడా ఆయన పద్ధతిలోనే, అవునంటూ నిలువుగా ఊపి, రొట్టె లేకుండా ఇంటికొస్తున్నావు.

పొద్దున నేను "బిడ్డకు లోపం ఉందని తేలినా కందామా?" అని అడిగితే తల నిలువుగా ఊపి డ్యూటీకి వెళ్లిపోయావు. అది మన పద్ధతో, ఆయన పద్ధతో నాకు తెలియలేదు. సాయంత్రం నోరు తెరిచి చెప్పు.

రాడోస్తినా

తా.క. నా తల మాత్రం అడ్డంగానే ఊగుతోంది. మన పద్ధతిలోనే.