వైర్ల పెట్టె, నాన్న కాళ్ళు

తొంగోయ్,
సోమవారం

ప్రియమైన నాన్నా,

శిబిరానికి రాగానే మా ఫోన్లన్నీ రేకు డబ్బాలో పడేసి తాళం వేశారు. "మెదడు గురించి నేర్చుకోవడానికొచ్చి మెదడు వాడకపోతే ఎట్లా?" అంది మా ఫ్రేసియా టీచరు. అందుకే ఈ ఉత్తరం. బస్సు డ్రైవరు ఎవారిస్తో మామ తెచ్చిస్తాడు, జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు.

ఈరోజు ఏం చేశామో తెలుసా? బొద్దింకను మంచునీళ్ళలో మత్తుగా పడుకోబెట్టి, దాని కాలొకటి కత్తిరించి, ఆ కాలికి రెండు గుండుసూదులు గుచ్చాం. (చిన్నవాటికి కాలు మళ్ళీ మొలుస్తుందట, జాలిపడకు.) సూదులకు వైర్లు, వైర్లకు అరచేతిలో పట్టే పెట్టె, దానికో స్పీకరు. కాలి మీది వెంట్రుకను పుల్లతో తాకాను. రేకుల మీద వాన పడ్డట్టు టపటపమని చప్పుడు! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒంటినుంచి విడిపోయిన కాలు నాన్నా, దానికి తల లేదు. అయినా "ఎవరో తాకారు, ఎవరో తాకారు" అని చెబుతూనే ఉంది.

నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు. కోప్పడకు. కాళ్ళకు వ్యాయామం చేయించడానికి కొకింబో ఆసుపత్రిలో నీకోసం చోటు అట్టేపెట్టారు కదా. నెలాఖరులోగా చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒక్కసారి ఆలోచించు.

నీ గారాల,
యస్నా

*

రేవు,
బుధవారం

చిట్టితల్లి యస్నాకు,

బొద్దింకల కోసం అంత దూరం ఎందుకమ్మా, మన వంటింట్లోనే ఓ కాలేజీ నడుస్తోంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అమ్మ, "నా చీపురు దెబ్బకి చచ్చినవేవీ నాతో మాట్లాడలేదే!" అని ఒకటే నవ్వు.

కాళ్ళ సంగతి ఎత్తావు కాబట్టి చెబుతాను, మళ్ళీ అడగకు. ఆరోజు లోకో గుల్లల కోసం సముద్రంలో లోతుకు దిగి, ఉండాల్సిన దానికన్నా ఎక్కువసేపు ఉండి, గబగబా పైకొచ్చాను. పడవలో కూర్చోగానే, నెత్తురులో గాలి బుడగలు కట్టి కాళ్ళు తిమ్మిరెక్కాయి. గాలిగొట్టం నోట్లో పెట్టుకుని దిగేవాడెవడైనా అప్పుడేం చేస్తాడు? మళ్ళీ కిందికి దిగుతాడు. మా నాన్న అదే చేసేవాడు, మన పక్కింటి కుస్తోదియో ఇప్పటికీ అదే చేస్తాడు. దిగితే తిమ్మిరి పోయింది కూడా. హాయిగా అనిపించింది. తిరిగి పైకొచ్చాక నడుం కింద నేను లేను.

నా కాళ్ళు ఆ నీళ్ళ అడుగునే చచ్చిపోయాయి. చచ్చినవాటిని కొకింబోకి మోసుకెళ్ళి పదిమంది ముందు ఊపించుకోలేను. నువ్వు బాగా చదువుకో, వేళకు తిను.

మీ నాన్న,
నొల్బెర్తో

*

తొంగోయ్,
శుక్రవారం

ప్రియమైన మొండి నాన్నకు,

ఇవాళ గొర్రె మెదడును చేతుల్లోకి తీసుకున్నాను. చల్లగా, ఉడికించిన గుడ్డంత మెత్తగా ఉంది. పిల్లను గుర్తుపట్టడం, కుక్కను చూసి బెదరడం, గడ్డి వాసన అన్నీ ఈ గుప్పెడు ముద్దలోనే ఉండేవట. తర్వాత టీచరు వెన్నుపాము చూపించింది. నా చిటికెనవేలంత కూడా లేదు! సెప్టెంబరు పండగల్లో నువ్వు రుమాలు ఊపుతూ అమ్మతో వేసిన డాన్సులన్నీ ఇంత సన్నటి దారిలోంచే కాళ్ళకు చేరాయా? నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మధ్యాహ్నం ఆ పెట్టె వైర్లను, సూదులకు బదులు జిగురు పట్టీలతో, నా చేతికే అతికించారు. పిడికిలి బిగిస్తే స్పీకర్లో కండ హోరుమంది. అప్పుడు టీచర్ని నీ గురించి అడిగేశాను. దెబ్బ తగిలింది వెన్నుపాముకి, కాళ్ళకి కాదంది. దారి మొత్తం తెగిందో, ఓ నాలుగు పోగులు మిగిలాయో బయటికి తెలియదట. కాలు కదలకపోయినా ఒక్కోసారి చప్పుడు వినపడొచ్చట. "వినపడకపోవచ్చు కూడా. మీ నాన్నకు లేనిపోని ఆశ పెట్టకు," అని గట్టిగా చెప్పింది.

ఆమెను బతిమాలి ఒక పెట్టె పంపుతున్నాను. పట్టీలు ఎక్కడ అతికించాలో బొమ్మ గీశాను. దగ్గర్లో కరెంటు సామాను ఉంటే ఊరికే గుయ్యిమంటుంది, చూసుకోండి. కాలు చాచడానికి ప్రయత్నించు, అంతే. నిశ్శబ్దంగా ఉంటే ఈ జన్మలో కొకింబో మాట ఎత్తను.

నీ కూతురు,
నీకన్నా మొండిది

*

రేవు,
గురువారం

నా బంగారు యస్నాకు,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. ఏం రాయాలో తెలియలేదు.

ఎవారిస్తో పెట్టెను బస్సులో అందరికీ చూపించుకుంటూ తెచ్చాడు. ఇంకేముంది, సగం రేవు మన వంటింట్లో దిగింది. ముందు మీ అమ్మ చేతికి పెట్టుకుని కెవ్వుమంది. కుస్తోదియో పెట్టుకుని, తన కండే అందరికంటే గట్టిగా అరిచిందని ఇప్పటికీ చెప్పుకు తిరుగుతున్నాడు. చివరికి నా వంతు. తొడ మీద రెండు, మోకాలి చిప్ప మీద ఒకటి. పెట్టె గుయ్యిమంది, అంతే. కుడికాలూ అంతే, ఎడమకాలూ అంతే. కుస్తోదియో శవం దగ్గర నిలబడ్డట్టు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

నీకు నిజం చెబుతున్నాను. నేను అసలు ప్రయత్నించనే లేదు, మొహం మాత్రం బిగించాను. మనసారా చాచినా చప్పుడు రాకపోతే నాకింకేం మిగులుతుంది? భయమేసింది తల్లీ.

మీ అమ్మ కనిపెట్టేసింది. "బరువెత్తేటప్పుడు నీ నాలిక బయటికొస్తది. ఇందాక రాలేదు. నా దగ్గరా నీ వేషాలు?" అంది. ఫ్రిజ్ తీగ పీకేసింది, బల్బు ఆర్పేసింది, రేడియో కట్టేసింది. గుయ్యిమనడం ఆగింది. "ఇప్పుడు తన్ను. అడుగునుంచి పైకి రావాలి నువ్వు," అంది.

కళ్ళు మూసుకుని తన్నాను.

టప్.

మళ్ళీ తన్నాను. టప్, టపటప. నేనాగితే అదీ ఆగింది. మీ అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఇంకోసారి, ఇంకోసారి" అంటోంది. కాలివేలు వెంట్రుకవాసి కదల్లేదు యస్నా. కాళ్ళ మీది దుప్పటి మడత కూడా చెదరలేదు. కానీ నేను పిలిచిన ప్రతిసారీ లోపలినుంచి ఎవరో పలికారు. ఇన్నాళ్ళూ వాళ్ళు అక్కడే ఉన్నారు, నేనే పిలవడం మానేశాను. బ్యాటరీ అయిపోయేదాకా పిలుస్తూనే ఉన్నాను. ఇద్దరం చిన్నపిల్లల్లా ఏడ్చాం.

నడుస్తానని కాదు. మీ టీచరు చెప్పినట్టు లేనిపోని ఆశ నువ్వూ పెట్టుకోకు. ఆమెకు నా నమస్కారాలు చెప్పు, బ్యాటరీ ఖాళీ చేసినందుకు క్షమించమను.

శనివారం బస్సు దిగాక మీ అమ్మ ఒక్కతే వచ్చిందని చిన్నబుచ్చుకోకు. నేను ఇంట్లో ఉండను. రేపు పొద్దున్నే కుస్తోదియో వ్యానులో కొకింబో వెళ్తున్నాను.

ముద్దులతో,
మీ నాన్న