కొమ్ములు మొలవకుండా

ఏమండీ, కుక్కర్లో పప్పుంది, చారు వేడి చేసుకోండి. నూలు కండెలు చుట్టి మగ్గం పక్కన బుట్టలో పెట్టాను. నేను తల చూపించుకోడానికి గుంటూరు వెళ్తున్నాను.

ఆ రోజు కిందపడ్డ కండె కోసం ఇద్దరం ఒకేసారి వంగి తలలు గుద్దుకున్నాం. అది పొరపాటు, పోనీ అనుకున్నాను. "ఒక్కసారే తగిలితే కొమ్ములు మొలుస్తాయే" అంటూ నా తల పట్టుకుని మళ్ళీ గుద్దారు చూడండి, ఈ నొప్పంతా దానిదే! వారమైనా దువ్వెన ఆననివ్వడం లేదు. చెబితే నవ్వుతారు. ఎలా తగిలిందని డాక్టరు అడిగితే ఏం చెప్పను, మా ఆయన కొమ్ములు రాకుండా చూశాడనా?

ఇంకో మాట. నిన్న అద్దం ముందు మీరూ నుదురు నొక్కుకుంటున్నారు, నేను చూశాను. డాక్టరు దగ్గర మీ పేరు కూడా రాయిస్తున్నాను. అన్నం తిని, నవ్వకుండా తర్వాతి బస్సెక్కి రండి.