నీలం కప్పు

ఇంటావిడకి ఇంటాయన ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. కుండీలోని నీ మొక్క నాకంటే క్షేమం. నువ్వూ, వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన కాలికి కట్టు విప్పారని రాశావు, మనసు కుదుటపడింది. అయినా మీ అక్కని ఇంకో వారం అటూ ఇటూ తిరగనివ్వకు. ఆవిడ ఒకచోట కూర్చునే రకం కాదు.

నువ్వడిగినవాటికి జవాబులు. వేళకే తింటున్నాను. రెండుసార్లు మాడ్చాను, మూడోసారి పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. పెరటి తలుపు బాగుచేశాను. వడ్రంగి ఇంటి తలుపే ఊడిపోతోందని ఇక దెప్పడానికి వీల్లేదు.

చివర్లో ఇంకోటి అడిగావు. "వచ్చేటప్పుడు మీకేం తేవాలో రాయండి. పనికొచ్చేదే తెస్తాను" అని. దానికి జవాబు తోచకే ఈ ఉత్తరం మూడు రోజులు ఆలస్యమైంది.

ఒకప్పుడు నువ్వు అడిగేదానివి కాదు. బజారుకెళ్తే నీ సంచిలోంచి నాకేదో ఒకటి ఊడిపడేది. ఏనుగు బొమ్మ దువ్వెన, ఈలవేసే తాళాల గుత్తి. "ఎందుకే ఇవన్నీ?" అంటే "ఊరికేనండీ, చూడగానే మీరు గుర్తొచ్చారు" అనేదానివి. నేను మాత్రం నువ్వడిగితే తప్ప ఏదీ తెచ్చిన పాపాన పోలేదు.

అలాగే ఓసారి నీలం పింగాణీ కప్పు తెచ్చావు. ఆరోజు షెడ్డులో జిగురు డబ్బా కారిపోతోంది. చేతికందిన ఆ కప్పులో జిగురు పోసేశాను. మర్నాడు క్యారేజీ పట్టుకొచ్చి చూశావు. "పోనీలెండి, దేనికో దానికి పనికొచ్చింది" అన్నావు. అది మెచ్చుకోలనుకుని నవ్వాను చూడు, నా బుర్రకే చిత్రిక పట్టాలి.

ఆ తర్వాత నువ్వు తెచ్చినవన్నీ మేకులు, ఉప్పుకాగితాలు. అవీ నన్నడిగాకే. ఆ సంగతి తెలియడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. సిగ్గుగా ఉంది.

మొన్న నీకు ఊరికే ఏదైనా కొందామని దుకాణానికి వెళ్లాను. "అమ్మగారికి ఏ రంగు ఇష్టమండీ?" అనడిగింది అక్కడి అమ్మాయి. ఎవరింటి బీరువా ఎన్ని అంగుళాలో నిద్రలో లేపినా చెప్తాను, నీకిష్టమైన రంగు మాత్రం నాకు తెలియదు. "మా ఆవిణ్ణి అడిగొస్తానమ్మా" అని బయటపడ్డాను. ఆ పిల్ల నవ్వింది.

ఇంటికొచ్చి నీ బీరువా తెరిచాను. అన్నీ బూడిదరంగు, మట్టిరంగు బట్టలే. ఇవే ఇష్టం కాబోలనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లైన కొత్తలో నా ఒంటిమీది రంపపు పొట్టు నీ బట్టలకంటితే, "ఇకమీదట పొట్టు కనబడని రంగులే కొనుక్కోవాలి" అన్నావు. నేను హాస్యమనుకున్నాను. కర్టెన్లు చూశాను, దిండు గలీబులు చూశాను. అవీ అంతే. నా పొట్టుకి భయపడకుండా నువ్వు మనసుపడి కొన్నది ఆ నీలం కప్పొక్కటే. అదీ నాకే ఇచ్చావు.

నిన్నటినుంచి దాన్ని వేడినీళ్లలో నానబెట్టి గీకుతున్నాను. జిగురుతోపాటు నీలమూ ఊడొస్తోంది. భయమేసి ఆపేశాను.

నాకేం తేవాలని అడిగావు కదా. ఈసారి అడగొద్దు. దారిలో ఏది చూస్తే నేను గుర్తొస్తానో అది తీసుకురా. దేనికీ పనికిరానిదే తీసుకురా.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
మీ ఆయన