నాలుగు మిల్లీమీటర్లు

జూన్ 9
తమ్ముడు నర్సింహ ఎమ్మారై ఫిల్ములు వచ్చాయి. నడుం దగ్గర డిస్కు వెనక్కి జరిగిందట. నాలుగు మిల్లీమీటర్లు. నిరుడు నడుం పట్టేసినప్పుడు తీయించిన నా ఫిల్ములో ఎనిమిది ఉంది. రెండూ కిటికీకి ఆనించి చూశాను. ఎనిమిదితో నేను పాల క్యాన్లు ఎత్తుతున్నాను… నాలుగుకే వాడు మంచం దిగడు.

జూన్ 10
చెప్పేశాను.
"నాలుగే రా. నా దాంట్ల సగం."
మంచం పట్టె మీద కూర్చుని ఎడమ పిక్క పట్టుకున్నాడు. "నొప్పి నాకా, ఫిల్ముకా, అన్నా?"
ఫిల్ములు కవర్లో పెట్టేశాను. వాడే లేచి క్యాన్లు బండికెత్తాడు.

జూన్ 12
దబీర్‌పురా హోటళ్లకు పాలు వాడే వేస్తున్నాడు. టీకొట్టు ఖాజా భాయ్ ఎగతాళి — నీ తమ్ముడు నవాబు లెక్క కాలు ఈడుస్తుండు అని. నవ్వాను. ఎందుకు నవ్వానో.

జూన్ 15
నర్సింహ ఎడమ చెప్పు దారిలో జారిపోయింది. వాడికి తెలియనే లేదు. మరదలు లక్ష్మి గల్లీలో వెతికి తెచ్చింది. నా వైపు చూడలేదు.

జూన్ 16
డాక్టరు వాణ్ణి పాదం పైకెత్తమన్నాడు. లేవలేదు.
రెండు ఫిల్ములూ ముందు పెట్టి అడిగాను — పెద్దది నాది కదా సార్, కాలు వాడిదెట్ల పోయింది?
డిస్కు ఎంత జరిగిందో కొలిచి నొప్పి ఎంతో చెప్పలేమన్నాడు. నా వెన్నులో నరాలకు చోటుంది. వాడి వెన్నులో ఇరుకు. చిన్నదే, సరిగ్గా నరం మీద పడింది. ఆపరేషన్ తప్పదు. బలం తిరిగి వస్తుందో రాదో… కాలు నొప్పి అన్నప్పుడే తీసుకొస్తే బాగుండేదన్నాడు.
పాలలో నీళ్లు కలిశాయేమోనని లాక్టోమీటరు ముంచి, అంకె చూసి ఇన్నేళ్లూ నిజం, అబద్ధం తేల్చాను. తమ్ముణ్ణీ అలాగే చూశాను.

జూన్ 18
ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్తుంటే తప్పు నాదేనని చెప్పాలనుకున్నాను. వాడు బర్రెలకు కుడితి పెట్టినవా అని అడిగాడు. పెట్టిన అన్నాను. అంతే.
"కాలు మళ్ల లేస్తదా, బావా?" — లక్ష్మి.

జూన్ 19
నొప్పి పోయిందట. పాదం వేలాడుతూనే ఉంది.

జూన్ 22
నర్సింహ దిండుకు ఒరిగి, కళ్లు మూసుకుని పాదం ఎత్తుతున్నాడు. నుదుట చెమట.
"బొటనవేలు కదిలిందా, అన్నా?"
వంగి చూశాను. కదిలినట్టూ ఉంది… లేనట్టూ.
"నీకెట్ల అనిపిస్తుంది రా?"
ఇన్ని రోజుల్లో ఈ మాట అడగడం ఇదే మొదటిసారి. వాడు కళ్లు తెరిచి నన్నే చూశాడు.