మహ్‌గుల్ తండ్రి

డాండెనాంగ్,
ఆగస్టు, ఆదివారం

మహ్‌గుల్ తల్లికి,

సలాం. ఇక్కడ నేను, నా దగ్గు, నా కత్తి ముగ్గురం క్షేమం. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న మహ్‌గుల్‌కి ముద్దులు. లెక్కల్లో తెచ్చుకున్న మార్కులకి యావర్‌కి ఒక మొట్టికాయ. తండ్రిని ఫోన్లో ‘ఆతే’ అని పిలవడమే తప్ప ఇంకా ఎదురుగా చూడని మూసాకి ముద్దు బాకీ. కిందటి ఉత్తరం చివర ఎవరో వంకర టింకర అక్షరాలతో ‘సలాం’ అని రాశారు. మూసాగాడే అయ్యుంటాడు. ఎనిమిదేళ్ళొచ్చినా చేతిరాత కోడి కెలికినట్టుంది, కాస్త దిద్దించమని మహ్‌గుల్‌తో చెప్పు.

నువ్వు అడిగినదానికి జవాబు ముందే రాసేస్తాను, లేకపోతే మిగతాది వినవు. రాలేదు. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టి మూడేళ్ళ ఏడు నెలలైంది. ఏనుగైనా రెండేళ్ళకి ఈనుతుంది. ఈ ఆఫీసు కడుపులో ఏముందో ఆ దేవుడికే తెలియాలి. ప్రతి నెలా మొదటి సోమవారం ఫోన్ చేస్తాను. మీ ఫోను మాకు చాలా ముఖ్యం అని ఒక మిషను చెప్పి, నలభై నిమిషాలు పాట పెడుతుంది. ఆ పాట నాకు కంఠతా వచ్చేసింది, మాంసం కోస్తూ పాడుకుంటున్నాను. తర్వాత ఓ మనిషి వచ్చి, “మీ దరఖాస్తు మామూలు పరిశీలనలో ఉందండీ” అంటాడు. ఈసారి ఉండబట్టలేక, “మామూలుదే ఇన్నేళ్ళయితే, ప్రత్యేకంగా పరిశీలిస్తే ఎన్నేళ్ళు పడుతుందయ్యా?” అని అడిగాను. “ఇంకేమైనా సహాయం కావాలా సర్?” అన్నాడు. వద్దన్నాను. చేసింది చాలు కదా.

వాళ్ళు పెట్టిన పరీక్షలో నాకు ఇరవైకి ఇరవై వచ్చాయని నీకు తెలుసు. దేశపు పువ్వు ఏదని అడిగారు. పచ్చగా పూసే ఒక రకం తుమ్మపువ్వు. చెప్పాను. అది చెప్పినవాడు మంచి పౌరుడవుతాడట. ఎనిమిదేళ్ళుగా వీళ్ళు ఆదివారం పూట తినే గొర్రె మాంసం కోస్తున్నాను, ఆ కోతకి మాత్రం ఎవరూ పరీక్ష పెట్టలేదు, నువ్వెవరని అడగలేదు.

రజబ్‌కి వచ్చేసింది. పడవలో నా పక్కన కూర్చుని నా మోకాళ్ళ మీద వాంతి చేసుకున్న రజబే. నాకంటే ఏడాది వెనక పెట్టుకున్నాడు. మెడలో గొలుసు వేసుకున్న మేయరు వాడికి చెయ్యిచ్చి, ఓ కాగితం జెండా, కుండీలో ఓ మొక్క ఇచ్చాడు. ఆ మొక్క మూడోవారానికే ఎండిపోయింది. వీడికి మాత్రం కొమ్ములు మొలిచాయి. టీ కొట్లో కాలు మీద కాలు వేసుకుని నాకు హితబోధ.

“నీకెందుకు రాలేదంటావు, మహ్‌గుల్ తండ్రీ?”

“నీ అంత అందగాణ్ణి కాను కదా.”

“నవ్వులాట కాదన్నా. నీ ఫైల్లో ఎక్కడో ముల్లుంది. ఊరికే ఆగిపోదు.”

వాడి మాట పట్టించుకోకు. కానీ విను, ఈ టీ కొట్లో కూడా నన్ను మహ్‌గుల్ తండ్రి అనే పిలుస్తారు. మన ఊళ్ళో పెళ్ళై బిడ్డ పుట్టాక మగవాణ్ణి పేరు పెట్టి పిలిచేదెవరు? ఎనిమిదేళ్ళలో నన్ను పేరుతో పిలిచింది ఆఫీసు వాళ్ళొక్కళ్ళే. పోయినసారి వాళ్ళ హాల్లో “మిస్టర్ అలీ” అని కేకేస్తే ఐదుగురం లేచి నిలబడ్డాం.

వచ్చే మార్చిలో, నౌరోజ్ పండక్కి మహ్‌గుల్‌కి పద్దెనిమిది నిండుతాయి. ఆ తర్వాత పిల్లల లెక్కలో వేయరట. పౌరుడి కుటుంబానికైతే వీసా ముందు, నాలాంటి వాడి కుటుంబానికి అన్నింటికన్నా చివర. అంటే నౌరోజ్‌లోపు నా కాగితం రావాలి. నేనే ఓసారి క్వెట్టా వచ్చి మిమ్మల్ని చూసిపోదామంటే, దేశం దాటితే ఫైలు మళ్ళీ మొదటికొస్తుందంటారు. అందుకని కట్టేసిన గేదెలా ఇక్కడే తిరుగుతున్నాను. నువ్వు బెంగ పెట్టుకోకు. ఆ పని నేను చూసుకుంటున్నాను.

ఇట్లు,
మహ్‌గుల్ తండ్రి


డాండెనాంగ్,
నవంబరు

గుల్‌బఖ్త్‌కి,

దీన్ని క్వెట్టా వస్తున్న రజబ్ చేతికిచ్చి పంపుతున్నాను. మహ్‌గుల్ చేత చదివించకు. మీ అన్న బొగ్గుగని నుంచి ఇంటికొచ్చినప్పుడు తలుపు వేసుకుని ఆయన చేత చదివించుకో. చదివాక పొయ్యిలో వెయ్యి.

రజబ్ అన్న ముల్లు మాట పట్టించుకోకని నీకు రాశాను కదా. నేను పట్టించుకున్నాను. నిద్రపట్టేది కాదు. గొర్రె తొడ కోస్తూ కూడా నా ఫైల్లో ముల్లు ఎక్కడుందా అని వెతికేవాణ్ణి. మూడున్నరేళ్ళు ఎవరూ ఏమీ చెప్పకపోతే, మనిషి తన తప్పు తానే వెతుక్కుంటాడని ఇప్పుడు తెలిసింది. వెతికితే దొరకనిదేముంది? దొరికింది. పడవ దిగిన రోజు మమ్మల్ని ఉంచిన దీవిలో పిల్లలెంతమంది అని అడిగారు. అప్పుడే పుట్టిన మూసాతో కలిపి ముగ్గురన్నాను. సొంత పిల్లలేనా అన్నాడు దుబాసీ. పరాయి పిల్లలు ఎవరికుంటారయ్యా అన్నాను. కానీ మహ్‌గుల్ పుట్టుక కాగితంలో తండ్రి అని మా తమ్ముడు ఖుదాదాద్ పేరే ఉంది. ఆ కాగితం కూడా నేనే జత చేశాను, వెధవని.

రజబ్ నన్ను ఓ ఏజెంటు దగ్గరికి తీసుకెళ్ళాడు. వాడు కాగితాలు తిరగేసి, మునివేళ్ళతో గడ్డం రుద్దుకుని, “ఇదే సార్ ముల్లు. మీ నోరు ఒకటి చెప్తోంది, కాగితం ఇంకోటి చెప్తోంది. వాళ్ళు పట్టుకునేలోపు మీరే ఒప్పేసుకోండి. మా తమ్ముడి కూతురు, నా కూతురు కాదు అని ఒక్క ముక్క రాసిచ్చెయ్యండి” అన్నాడు.

“మరి పిల్ల?”

“నౌరోజ్‌కి ఎలాగూ పద్దెనిమిది దాటుతుంది కదా. ఆ ఒక్కదాని కోసం మిగతా ముగ్గుర్నీ ముంచుకుంటారా?”

ఆ మనిషి మొహాన ఉమ్మి లేచి రావలసింది. రాలేదు. వాడు ఇంగ్లీషులో టైపు చేశాడు. నేను సంతకం పెట్టాను. ‘మహ్‌గుల్ నా కూతురు కాదు.’ నీకు చెప్పలేదు, నిన్ను అడగలేదు. ఆ రోజు కత్తి జారి బొటనవేలు తెగింది, అదేదో నాకు శిక్ష అనుకుని కట్టు కూడా సరిగా కట్టుకోలేదు. చూశావా, శిక్షలో కూడా పిసినారినే.

మూడు వారాల తర్వాత ఆఫీసుకి వెళ్ళాను. గాజుపలక వెనక కూర్చున్నావిడ బిస్కెట్టు తింటోంది. నిమ్మకు నీరెత్తినట్టు కంప్యూటరు చూసి, “మీ ఫైలు ఇంకా ఏ అధికారికీ ఇవ్వలేదండీ” అంది.

“ఎప్పటినుంచి?”

“మొదట్నుంచీ. వరసలో ఉంది.”

“అంటే ఇన్నేళ్ళలో ఎవరూ తెరవలేదా?”

“తెరవడానికి ఎవరికైనా ఇవ్వాలి కదండీ. ఆఁ, ఆగండి. మొన్న మంగళవారం ఓ కాగితం చేరింది. ఓహో. ఇది మాకు తెలీదు. చెప్పినందుకు థాంక్సండీ. ఇప్పుడిది గుర్తింపు విభాగానికి వెళ్ళాలి. దానికి కొంచెం ఎక్కువ టైం పడుతుంది.”

ఆ కాగితం వెనక్కి ఇచ్చెయ్యమ్మా అన్నాను. ఆవిడ నాకేసి జాలిగా చూసింది. “తీసెయ్యడం కుదరదండీ. కావాలంటే ఇంకోటి కలపొచ్చు.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటారు. నా విషయంలో దొంగ అని కూడా ఎవరూ అనలేదు, గుల్‌బఖ్త్. ఎవరూ అడగని నేరం నేనే మోసుకెళ్ళి ఒప్పుకుని, నా బిడ్డను నేనే వాళ్ళ గుమ్మంలో వదిలేసి వచ్చాను. వాళ్ళని ఎనిమిదేళ్ళుగా ఎన్ని తిట్లు తిట్టానో నీకు తెలుసు. సోమరిపోతులన్నాను, రాతి గుండెలన్నాను. వాళ్ళు మహ్‌గుల్‌ని ఏమీ అనలేదు. వాళ్ళకి ఆ పిల్ల ఉందని కూడా తెలియదు. అన్నది నేను.

ఇప్పుడు ఫైలు కదిలితే నీకు, యావర్‌కి, మూసాకి దారి దొరుకుతుంది, ఎప్పటికో. మహ్‌గుల్ మీ అన్న దగ్గర ఉంటుంది. ఇది రాస్తుంటే చెయ్యి ఆడడం లేదు, అయినా రాస్తున్నాను. నువ్వేమంటావో చెప్పు. తనకు మాత్రం చెప్పకు.

చమన్ అలీ


క్వెట్టా,
డిసెంబరు

చమన్ అలీకి,

ఇది నేనే రాస్తున్నాను. ఇంతకుముందులా నేను చెప్తుంటే మహ్‌గుల్ రాసింది కాదు. కిందటిసారి నువ్వు వెక్కిరించిన కోడి గీతలు మూసావి కావు, నావి. రెండేళ్ళుగా వంటయ్యాక మహ్‌గుల్ నాకు పలక పెట్టి నేర్పుతోంది. నీకు తెలియకుండా నేర్చుకుని, విమానం దిగిన రోజు అక్కడి బోర్డులు చదివి నిన్ను హడలగొట్టాలనుకున్నాం. ఇద్దరం ఎంత నవ్వుకున్నామో.

అన్నయ్య గని నుంచి రాలేదు. అందుకని నీ ఉత్తరం నేనే చదివాను. మూడు రోజులు పట్టింది. ‘నా కూతురు కాదు’ అన్న ముక్క దగ్గర అక్షరాలు తప్పు కూడబలుక్కున్నానేమో అనుకుని నాలుగుసార్లు చదివాను. తప్పు నాది కాదు. నా బిడ్డ నాకు బాగానే నేర్పింది. నేను మొట్టమొదట సొంతంగా చదివిన ఉత్తరం ఇదీ.

రజబ్ వచ్చి మేం భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ మీద, రొట్టె పక్కన తన పాస్‌పోర్టు పెట్టాడు, అందరూ చూడాలని. మూసా దాన్ని ముట్టుకోబోతే, “చెయ్యి కడుక్కుని రారా” అన్నాడు. ఆ నీలం అట్ట కోసమా నువ్వు మనిషివి కాకుండా పోయావు? రజబ్‌ని టీ తాగి వెళ్ళమన్నాను. పాస్‌పోర్టు తీసి జేబులో పెట్టుకో, ఇక్కడ రొట్టె తింటాం అన్నాను.

నీకు ఒకటి గుర్తు చేస్తాను. అక్కడి పరీక్షకి తుమ్మపువ్వులు కంఠతా పట్టి ఇవి మరిచిపోయి ఉంటావు. మన మొదటి బిడ్డని మంచు తవ్వి పూడ్చిన తొమ్మిదో రోజు. ఖుదాదాద్‌ని దారిలో బండి దింపి చంపి అప్పటికి నెల. వాడి పెళ్ళాం పురిట్లో పోయింది. నువ్వు ఆ గుడ్డుని దుప్పటిలో చుట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టి, “పాలున్నాయి కదా” అన్నావు. అంతే. ఇంకో మాట లేదు. ఆ రోజు ఏ ఫారం నింపావు? ఏ ఏజెంటు చెప్పాడు? నా పాలు తాగిన పిల్ల నీ కూతురని మన మతమూ చెప్తుంది, మన వీధి కుక్కలూ చెప్తాయి. నువ్వొక్కడివే వేరే చెప్పావు, అది కూడా ఇంగ్లీషులో.

తను ఖుదాదాద్ బిడ్డ అని దానికి పదేళ్ళప్పుడే తెలిసింది. మీ అమ్మే ఓ రోజు కోపంలో అనేసింది. అప్పుడది నా దగ్గరికొచ్చి, “అయితే నాకు ఇద్దరు ఆతేలన్నమాట, యావర్‌కి ఒక్కడేగా” అంది. దానికి తెలియనిది నువ్వు రాసిచ్చిన సంగతి. తెలియడం వేరు, రాసివ్వడం వేరు. నేను చెప్పను. అది ఉత్తరం గురించి నన్ను అడిగింది ఒక్కటే. “ఆతే కింద ఎప్పటిలాగే సంతకం పెట్టాడా అమ్మా?” అని. పెట్టాడన్నాను. నీ కోసం నేనాడిన మొదటి అబద్ధం అది. రెండోది ఆడను.

నీ మీద నాకు జాలి లేదని కాదు. ఎనిమిదేళ్ళు ఒక్కడివే వండుకుని తిన్నావు. చెవి దగ్గర పాట పెట్టి నిన్ను పిచ్చివాణ్ణి చేశారు. అదంతా తెలుసు. కానీ వాళ్ళు నిన్ను చిన్నచూపు చూశారని నువ్వు దాన్ని చిన్నచూపు చూస్తే, ఇంక వాళ్ళకీ నీకూ తేడా ఏముంది? నువ్వెవరో తెలుసుకోవడానికి వాళ్ళకి మూడున్నరేళ్ళు చాలలేదు. నాకు ఒక్క కాగితం చాలింది.

నా మాట ఇది. తీసెయ్యడం కుదరదని, ఇంకోటి కలపొచ్చని ఆ బిస్కెట్ల ఆవిడ చెప్పింది కదా. కలుపు. తమ్ముడి కడుపున పుట్టింది, నా ఇంట్లో పెరిగింది, నా కూతురు అని రాయి. మూడూ నిజాలే కదా, రాయడానికి ఎందుకు చెయ్యి ఆడదు? దాంతో ఫైలు ఇంకో పదేళ్ళు పడుకుంటే పడుకోనీ. మేం వస్తే నలుగురం వస్తాం. ముగ్గురికి వీసా వస్తే ఆ కాగితంతో నేను తందూరు రాజేస్తాను. బిడ్డను దాటుకుని వచ్చే దేశం నాకొద్దు.

అది రాసి పంపేదాకా నాకు ఉత్తరం రాయకు. ఫోన్ చేస్తే పిల్లలతో మాట్లాడు, నేను పక్కనే ఉన్నా నన్ను పిలవకు.

రజబ్ రేపు బయల్దేరుతున్నాడు, ఇది వాడి చేతికే ఇస్తాను. మహ్‌గుల్ పక్కనే కూర్చుని ఉంది. ఏం రాశానో చదవనని ఒట్టేసింది, చదవదు. కవరు మీద మాత్రం తనే రాస్తానంది, నా అక్షరాలు బాగుండవట. ‘మా ఆతేకి’ అని రాస్తోంది. నేను ఆపలేదు.

ఇట్లు,
మహ్‌గుల్ తల్లి